ఫ్రేములో లేని ఎర్ర తాడు

దుప్పట్లక్క మెడలో వేలాడుతున్న అట్టముక్క మీద 'దర్శకుడి అతిథి' అని అచ్చు వేసి ఉంది. ఆ దర్శకుడు ఆమె తమ్ముడే. ఇరవై మూడేళ్ళవాడు. చిన్నప్పుడు వాడి ముక్కు తుడిచింది, బూట్లకి లేసులు కట్టుకోవడం నేర్పింది ఆమే. అలాంటివాడికి తను అతిథి కావడమేమిటో అనుకుంటూ ఆ అట్టని రెండుసార్లు తిప్పి చూసుకుంది. లోలోపల సంతోషంగానే ఉంది. ఆ సంతోషం పక్కవాళ్ళకి కనబడకూడదని అట్టని బ్యాగు పట్టీ కిందికి నెట్టేసింది. ఆ పనంతా ఎడమచేత్తోనే చేసింది. కుడిచేతికి ఎప్పటిలాగే తెల్లగుడ్డ తొడుగు వేసుకుంది. అందులో మిగిలినవి బొటనవేలు, చిటికెన వేలు.

ఆమె పనిచేసిన లాండ్రీలో అసలు పేర్లతో ఎవరూ ఎవరినీ పిలవరు. సబ్బునీళ్ళ దగ్గరుండేవాడు సబ్బు బాబాయి. మడతలు పెట్టే ఇద్దరు పెద్దమడత, చిన్నమడత. యంత్రాలకి గ్రీజు పెట్టే ముసలాయన గ్రీజు తాత. ఆస్పత్రుల నుంచి వచ్చే దుప్పట్లని ఇస్త్రీ చేసే వేడి రోలర్లోకి అందించే ఈమె దుప్పట్లక్క. వేళ్ళు పోయి ఏడాది దాటింది. ఉద్యోగం కూడా పోయింది. పేరు మాత్రం పోలేదు.

చిన్న సినిమాల పండగట. మూడు రోజులట. ఆ మధ్యాహ్నం వంతు ప్రయోగాలవాళ్ళది. పాతహాలు, కూర్చుంటే కిర్రుమనే కుర్చీలు. పక్క కుర్చీలో తెల్లమీసాల పెద్దాయన ఒకాయన కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

"మీ సినిమా ఏదైనా ఉందామ్మా?" అని అడిగాడు.

"మా తమ్ముడిదండీ. మూడోది."

"అలాగా! నాకెవరూ లేరు. బయట ఎండ మండిపోతోంది, ఇక్కడ చల్లగా ఉంటుందని మూడు రోజులకీ పాసు తీసుకున్నాను. మొన్నటి నుంచి పన్నెండు చూశాను. ఒక్కటి అర్థమైతే ఒట్టు."

మొదటి సినిమాలో తలుపు తెరిచిన ఫ్రిజ్జు ఒకటి ఆరు నిమిషాలు కనిపించింది. ఆఖర్న ఎవరిదో చెయ్యి వచ్చి తలుపు మూసింది. హాలంతా చప్పట్లు కొట్టింది.

"లోపల పాలు ఉన్నాయో విరిగిపోయాయో కూడా చూపించలేదు" అని గొణిగాడు పెద్దాయన.

రెండో సినిమాకి తెర నల్లగా అయిపోయి అలాగే ఉండిపోయింది. వెనక వరసలోంచి ఎవరో "కరెంటు పోయిందేమో చూడండయ్యా" అని అరిచారు. టార్చిలైటు పట్టుకున్న అమ్మాయి పరిగెత్తుకొచ్చి, "కూర్చోండి సార్, సినిమా నడుస్తోంది" అంది. పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. దుప్పట్లక్క కూడా నవ్వింది. మనసారా నవ్వి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తు లేదు.

తెర మీద తమ్ముడి పేరు పడింది. దాని కింద సినిమా పేరు: 'పదకొండు'.

నీ చేతుల మీద సినిమా తీశానక్కా అని నెల కిందటే చెప్పాడు వాడు. ఫోనుకి పంపించాడు కూడా. ఆమె తెరవలేదు. పెద్ద తెర మీదే చూడాలని దాచుకుంది. దుప్పట్లు అందించే చేతులు, మడతలు పెట్టే చేతులు, ఆవిరిలో తడిసిన చేతులు. ప్రమాదం జరిగేదాకా మూడు రోజుల పాటు వాడు లాండ్రీలో కెమెరా పెట్టుకుని తీసినవన్నీ అవే కదా. ఆ మూడు రోజుల్లో తనకి పోయింది ఎలాగూ పోయింది, వాడికైనా కాస్త దక్కిందని ఆమె తనకి తాను నచ్చచెప్పుకుంది.

ఆ మూడు రోజులూ వాడు లాండ్రీలో అందరి ప్రాణాలూ తోడేశాడు. తెల్ల గోడ, తెల్ల ఆవిరి, తెల్ల దుప్పటి. తెలుపు తప్ప ఇంకేదీ కనబడకూడదట. సబ్బు బాబాయి నీలం చొక్కా వేసుకొస్తే పక్కకి పొమ్మన్నాడు. "మీ తమ్ముడు నన్ను కూడా ఉతికి ఆరేసేలా ఉన్నాడే" అన్నాడు బాబాయి. కెమెరా మీద ఎంత ప్రేమ ఉంటే ఏం, దాన్ని పూర్తిగా నమ్మేవాడు కాదు. "అన్నీ అదే చూసుకోదక్కా. మసగ్గా ఉంటే ఈ చక్రం నా చేత్తో తిప్పాలి. నేను తిప్పితేనే చూస్తుంది, లేకపోతే గుడ్డిది" అని గొప్పగా చూపించాడు.

వాడికి అన్నిటికంటే కంట్లో నలుసులా తగిలింది ఎర్ర తాడు. రోలర్ ముందు, ఛాతీ ఎత్తున, ఈ చివర నుంచి ఆ చివరకి వదులుగా వేలాడే తాడు అది. దాన్ని గట్టిగా లాగితే రోలర్ టక్కున ఆగిపోతుంది. వేలో గుడ్డో చిక్కుకుంటే అదే దిక్కు.

"ఈ తాడు నా ఫ్రేముని అడ్డంగా కోసేస్తోందక్కా" అన్నాడు మొదటి రోజు.

"దాని జోలికి వెళ్ళావంటే చెంప పగులుద్ది" అంది ఆమె.

"అబ్బ, మాటవరసకి అన్నాలే."

మూడో రోజు టీ వేళలో వాడు ఆమె దగ్గరికి వచ్చి, "ఒక్క షాటక్కా, అందరూ వచ్చేలోపు. దిండు గలీబులైతే నువ్వొక్కదానివే వేసెయ్యగలవు కదా" అని బతిమాలాడు. సగం తాగిన టీ అక్కడే పెట్టి ఆమె లేచింది. "కిందికే చూడు, కెమెరా వైపు చూడకు" అన్నాడు. ఆమె కిందికే చూసింది. నాలుగో గలీబు దగ్గర తడి అంచు వేలికి చుట్టుకుంది. ఆ తర్వాత ఆమెకి గుర్తున్నది కాస్తే. ఎడమచెయ్యి తాడు కోసం వెళ్ళింది. తాడు తగల్లేదు. తాడు ఉండాల్సిన చోట ఉన్నా భయంతో చెయ్యి తప్పేదేనని డాక్టరు అన్నాడు, మేనేజరు అన్నాడు, అందరూ అన్నారు. ఆమె కూడా అలాగే అనుకుంది.

రోలర్ని ఆపింది గ్రీజు తాత. అరుపు విని టీ గదిలోంచి పరిగెత్తుకొచ్చి గోడ దగ్గర మెయిన్ స్విచ్చి కిందికి లాగాడు. ఆ తర్వాత చూస్తే ఎర్ర తాడు పైన ఆవిరి గొట్టానికి కట్టేసి ఉంది. ఆ పొద్దున్న టీకి కాస్త ముందే రోలర్కి గ్రీజు పెట్టింది తాతే. గ్రీజు పెట్టేటప్పుడు తాడుని పక్కకి తొలగించేదీ, పనయ్యాక దించేదీ ఆయనే. ఇంక వేరే విచారణ ఎందుకు? ఇరవై ఆరేళ్ళ ఉద్యోగం వారం తిరక్కుండా ఊడింది. ఆపినవాడి మీదే నేరం పడింది.

ఆస్పత్రి మంచం మీద ఉండగా మేనేజరు కాగితం పట్టుకొచ్చాడు. గ్రీజు పెట్టాక తాడు దించడం మరచినందువల్లే ప్రమాదం జరిగిందని నేను నమ్ముతున్నాను, అని అందులో రాసి ఉంది. ఆమె ఎడమ బొటనవేలితో ముద్ర వేసింది. కాగితం కదలకుండా కింద అట్ట పెట్టి పట్టుకున్నది తమ్ముడు. ఆ సమయానికి తను బ్యాటరీ తేవడానికి బయటికి వెళ్ళాననీ, కెమెరా దానంతట అదే నడుస్తోందనీ వాడు అందరికీ చెప్పాడు.

సినిమా మొదలైంది. రంగులు లేవు. తెల్లటి ఆవిరిలో తెల్లటి గలీబు, దాని పక్కన ఒక ఆడమనిషి మెడ, భుజం, ఎడమచెయ్యి. ముఖం లేదు. కుడిచెయ్యి ఫ్రేము బయట ఉంది. శబ్దం తీసేశాడు. గలీబు ఒకటి లోపలికి పోయింది. ఇంకొకటి పోయింది. మూడోది. నాలుగోది.

భుజం ఒక్కసారిగా ముందుకి గుంజుకుపోయింది.

దుప్పట్లక్కకి అప్పుడు అర్థమైంది. వాడు తీసింది తన చేతుల పనితనం కాదు. ఇది.

తెర మీద ఎడమచెయ్యి ఛాతీ ఎత్తుకి లేచింది. వేళ్ళు విచ్చుకున్నాయి, గాలిని పట్టుకున్నాయి, వదిలేశాయి. మళ్ళీ పట్టుకున్నాయి. ఇంకోసారి. అంతలో తెర తెల్లబడింది. తెర మీద అంకె పడింది: పదకొండు సెకన్లు. మళ్ళీ మొదటి నుంచి అదే మొదలైంది, ఈసారి కాస్త నెమ్మదిగా. మళ్ళీ గలీబు, మళ్ళీ భుజం, మళ్ళీ ఆ చెయ్యి. హాలు ఊపిరి బిగబట్టి చూస్తోంది. ముందు వరసలో ఎవరో "అబ్బా, ఎంత అందంగా ఉంది" అన్నారు.

మూడోసారి వచ్చినప్పుడు ఆమె గమనించింది, చెయ్యి తప్పలేదు. ఆరేళ్ళుగా ఆ తాడు ఎక్కడుంటుందో ఆ చేతికి తెలుసు. కళ్ళు మూసుకున్నా తెలుసు. చెయ్యి సరిగ్గా అక్కడికే వెళ్ళింది. అక్కడ తాడు లేదు, అంతే.

"ఆ చెయ్యి దేనికోసమో వెతుకుతోందమ్మా" అన్నాడు పక్క కుర్చీ పెద్దాయన. ఈసారి ఆయన గొంతులో నవ్వు లేదు.

నాలుగోసారి ఇంకా నెమ్మదిగా నడిపాడు. అప్పుడు కనబడింది ఇంకొకటి. ఆరో సెకను దగ్గర బొమ్మ మసకబారింది. చెయ్యి ముందుకి జరగడంతో మసకబారింది. మరుక్షణమే నిదానంగా, జాగ్రత్తగా, మళ్ళీ స్పష్టమైంది. వేళ్ళ గోళ్ళు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా.

నేను తిప్పితేనే చూస్తుంది, లేకపోతే గుడ్డిది.

వాడు బ్యాటరీ కోసం ఎక్కడికీ వెళ్ళలేదు. కెమెరా వెనకే ఉన్నాడు. అక్క వేళ్ళు రోలర్లోకి పోతుంటే చక్రం తిప్పి, బొమ్మ సరిచేసుకున్నాడు.

పన్నెండోసారి నడిచాక తెర తెల్లబడలేదు. ఫ్రేము ఒరిగిపోయింది. కెమెరాని వదిలేసినట్టున్నాడు, అది తల పైకెత్తి కప్పు వైపు తిరిగింది. ఆవిరి గొట్టం, దానికి కట్టిన తాడు. సినిమా మొత్తానికి రంగు వేసింది అక్కడ ఒక్కచోటే. నెత్తురులా ఎర్రటి ఎరుపు. తాడు రెండు చెవులు నిలబెట్టిన ముడితో గొట్టానికి కట్టి ఉంది, ఒక చెవి పెద్దది, ఒకటి చిన్నది.

నాలుగేళ్ళ పిల్లాడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "ఇది కుందేలు పెద్ద చెవి, ఇది చిన్న చెవి, ఇదిగో కన్నంలో దూరింది" అంటూ ఆమె నేర్పిన ముడి అది. వాడికి ఎన్నిసార్లు చెప్పినా రెండు చెవులూ సమానంగా వచ్చేవి కావు.

హాల్లో దీపాలు వెలిగాయి. చప్పట్లు చాలాసేపు మోగాయి.

వేదిక మీదకి తమ్ముడిని పిలిచారు. ఇస్త్రీ చేసిన నల్లచొక్కాలో వాడు బెదిరిన కోడిపిల్లలా నిలబడ్డాడు. మైకు పట్టుకున్నావిడ కళ్ళు తుడుచుకుంటూ, "ఆ ఎత్తిన చెయ్యి… అది ప్రార్థనా? నాట్యమా? వీడ్కోలా?" అని అడిగింది.

"చూసేవాళ్ళకే వదిలేశానండీ" అన్నాడు వాడు.

"ఇంకెవరికైనా ప్రశ్నలున్నాయా?"

దుప్పట్లక్క ఎడమచెయ్యి ఎత్తింది. టార్చిలైటు అమ్మాయి మైకు తెచ్చి ఆ చేతిలో పెట్టింది. ఇంతమంది ముందు ఆమె ఎన్నడూ మాట్లాడి ఎరగదు.

"ఆ తాడు ఎవరు కట్టారు?"

హాల్లో చిన్న కలకలం రేగింది. మైకావిడ పరవశించిపోయింది. "ఎంత లోతైన ప్రశ్న! నిజమే, మనందరినీ కట్టిపడేసిన తాళ్ళు ఎవరు కట్టారు? దర్శకుడు గారూ?"

వాడు అక్క వైపు చూశాడు, నేల వైపు చూశాడు. "కట్టినవాడు… ఫ్రేములో లేడండీ" అన్నాడు.

ఈసారి చప్పట్లు ఇందాకటి కంటే గట్టిగా పడ్డాయి.

హాలు పక్కన మంచినీళ్ళ కుండలు, పాత కుర్చీలు పేర్చిన వసారా ఉంది. వాడు అక్కడికి ఆమె వెనకే వచ్చాడు. తేలు కుట్టిన దొంగలా గోడకి ఆనుకున్నాడు. ఆమే మొదలుపెట్టింది.

"ఎప్పుడు కట్టావురా?"

"టీకి వెళ్ళినప్పుడు. స్టూలెక్కి. ఒక్క షాటుకే అక్కా. తీసెయ్యగానే విప్పేద్దామనుకున్నా."

"నాకు చెప్పలేదేం?"

"చెప్తే నిలబడేదానివా?"

ఆమె నిలబడేది కాదు. వాడికీ తెలుసు, అందుకే చెప్పలేదు.

"పదకొండు సెకన్లు ఏం చేస్తున్నావు?"

వాడు ఏడవడం మొదలుపెట్టాడు. "నాకు అర్థం కాలేదక్కా. నిజంగా. కెమెరా అద్దంలోంచి చూస్తుంటే అది నిజంలా అనిపించలేదు. బొమ్మలా అనిపించింది. మసకయింది, సరిచేశా. చెయ్యి దానంతట అదే తిప్పేసింది. తాత వచ్చి స్విచ్చి లాగాక గానీ… ఏడాది నుంచి నిద్ర లేదు నాకు. అందుకే చెప్పాను కదా."

"ఎవరికి చెప్పావు?"

"సినిమాలో చెప్పాను. అంతా పెట్టేశాను. నేను ఫోకస్ తిప్పింది కూడా తీసెయ్యలేదు. తాడు దాచలేదు, ఎర్రరంగు వేసి మరీ చూపించాను. నాలుగొందల మంది ముందు ఒప్పుకున్నానక్కా!"

"నాలుగొందల మందికీ నాట్యంలా కనబడింది" అంది ఆమె. "గ్రీజు తాతకి చెప్పావా?"

వాడు అడ్డంగా తల ఊపాడు.

"ఆయన కూతురికి చెప్పావా? మేనేజరుకి చెప్పావా? నా మంచం పక్కన అట్ట పట్టుకుని నిలబడ్డావే, అప్పుడు నాకు చెప్పావా?"

"భయమేసింది."

"సరే. ఇప్పుడు బయల్దేరు. బస్సులో గంట ప్రయాణం. ఆయన ముందు నిలబడి మామూలు మాటల్లో చెప్పు. తాడు కట్టింది నేను తాతా అని. ఒక్క ముక్క. తర్వాత మేనేజరు దగ్గరికి ఇద్దరం వెళ్దాం."

వాడు కళ్ళు తుడుచుకుని హాలు తలుపు వైపు చూశాడు. "ఆరింటికి బహుమతులక్కా. నా పేరు లిస్టులో ఉందట. ఇప్పుడు వెళ్ళిపోతే… రేపు వస్తా. ఒట్టు. రేపు పొద్దున్నే."

తాడు కూడా ఒక్క షాటుకే కదా అని ఆమె అనబోయింది. కుడిచేతి తొడుగు సర్దుకుని, మెడలోని అట్టముక్క తీసి, పేర్చి ఉన్న పాత కుర్చీ మీద పెట్టింది.

"నేను వెళ్తున్నారా."

"వెళ్ళి ఏం చెప్తావు?" వాడు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "అక్కా, నన్ను జైల్లో పెడతారేమో. ఆలోచించావా? అమ్మ ఏమైపోతుంది?"

ఆమె ఆలోచించింది. బస్సు ఎక్కేదాకా, ఎక్కాక కూడా అదే ఆలోచించింది. కిటికీ పక్కన కూర్చుని ఎడమచెయ్యి ఛాతీ ఎత్తుకి లేపి చూసుకుంది. ఎదుటి సీటులోని పసిపిల్ల తనని పిలుస్తోందనుకుని చెయ్యి ఊపింది.

గ్రీజు తాత ఇప్పుడు కూతురి దగ్గర ఉంటున్నాడు. సైకిళ్ళ దుకాణం వెనక రెండు గదులు. కూతురు బడిసంచులు కుట్టి అమ్ముతుంది. ఆమె మిషను తొక్కుతుంటే తాత గుమ్మంలో చిన్న కత్తెర పట్టుకుని సంచులకి మిగిలిన దారాలు కత్తిరిస్తున్నాడు. గోళ్ళ సందుల్లో ఉండే నల్ల గ్రీజు ఏడాదిలో వదిలిపోయింది. చేతులు ఎవరివో అరువు తెచ్చుకున్నట్టున్నాయి.

"దుప్పట్లూ!" అంటూ లేవబోయాడు. ఆమె కుడిచెయ్యి మీద చూపు పడగానే మళ్ళీ కూర్చుండిపోయాడు.

కూతురు మిషను ఆపింది. "రా" అంది ముభావంగా. "మంచినీళ్ళు తాగుతావా?"

"వద్దులే వదినా. తాతతో మాట్లాడాలి."

"మాట్లాడు. నేను విన్నా పరవాలేదుగా."

ఎలా మొదలుపెట్టాలో ఆమెకి తెలియలేదు. తాతే అందుకున్నాడు. నేల వైపు చూస్తూ, బట్టీపట్టినట్టు చెప్పాడు. "నిన్ను చూడ్డానికి రావాలనే ఉంది తల్లీ. ముఖం చెల్లలేదు. మొదట్లో నేను కట్టలేదనే అన్నాను. నేను ముడి వెయ్యను కదా, పక్కనున్న కొక్కేనికి తగిలిస్తాను. ఇరవై ఆరేళ్ళు అంతే చేశాను. వాళ్ళకీ అదే చెప్పాను. చేసిన తప్పు ఒప్పుకో పెద్దాయనా అన్నారు. పదిమంది పదిసార్లు నువ్వే అంటుంటే, ఏమో, నేనే కట్టానేమో అనిపించడం మొదలైంది. రోజూ పడుకున్నాక ఆ పొద్దున్నంతా మళ్ళీ మొదటి నుంచి పనిచేస్తాను. డబ్బా తెరుస్తాను, గ్రీజు పెడతాను, గుడ్డతో తుడుస్తాను. ఒక్కోసారి తాడు దించుతాను. ఒక్కోసారి మరిచిపోతాను. మరిచిపోయిన రోజులే ఎక్కువ."

"ఇంట్లో కూడా ఆయన చేత ఏదీ కట్టించను" అంది కూతురు. "బట్టలారేసే తాడు కూడా నేనే కడతా. నా పిల్లదాని బూట్లు ముట్టుకోనివ్వను. ఏం చెయ్యమంటావు? నీ చెయ్యి చూశాక నాకు భయం."

తాత కత్తెర కింద పెట్టాడు. ఆ మాటలు ఆయన విన్నట్టు కూడా కనబడలేదు. విని విని అలవాటైపోయి ఉంటుంది.

దుప్పట్లక్క ఫోను తీసి, తమ్ముడు నెల కిందట పంపిన సినిమా తెరిచి, గుమ్మంలో ఆయన పక్కనే కూర్చుంది. "ఇది చూడు తాతా."

తాత కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు. మొదటిసారి భుజం గుంజుకుపోగానే కళ్ళు మూసుకున్నాడు. "వద్దమ్మా" అన్నాడు.

"చూడాలి. చెయ్యి చూడకు. చివరిదాకా ఉండు."

ఆమె వేలితో ముందుకి జరిపింది. కెమెరా తల పైకెత్తింది. గొట్టం, ఎర్ర తాడు, రెండు చెవులు. ఆమె అక్కడ ఆపింది.

తాత ఫోనుని ముక్కు దాకా తెచ్చుకున్నాడు. దూరంగా పెట్టాడు. మళ్ళీ దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ముడి" అన్నాడు.

"ఊఁ."

"నేను ముడి వెయ్యను."

"నువ్వు కాదు తాతా. మా తమ్ముడు కట్టాడు. సినిమాకి అడ్డమొచ్చిందని. ఈ ముడి వాడికి నేర్పింది నేనే. ఇవాళే చూశాను."

ఆయన కోప్పడతాడనీ, తిడతాడనీ ఆమె ఎదురుచూసింది. తిట్టినా బాగుండేది. ఆయన గుమ్మంలోంచి లోపలికి తిరిగి, సన్నని గొంతుతో పిలిచాడు. "అమ్మాయ్, ఒకసారి ఇలా రా. చూడు. ఇది నా ముడి కాదు."

కూతురు వచ్చి వంగి చూసింది. నిటారుగా నిలబడి దుప్పట్లక్క ముఖంలోకి చూసింది. ఆమె కళ్ళలో జాలి లేదు.

"ఏడాది అయింది" అంది. "ఈ ఏడాది ఆయన ఒక్కరోజు కడుపునిండా తిన్నది లేదు. ఇప్పుడొచ్చి బొమ్మ చూపిస్తే సరిపోతుందా?"

"సరిపోదు."

"ఉద్యోగం తిరిగిస్తారా?"

"తెలీదు వదినా. నేను వేలిముద్ర వేసిన కాగితం ఒకటి వాళ్ళ దగ్గరుంది. అది అబద్ధమని రాసిస్తాను. తాడు ఎవరు కట్టారో రాస్తాను. రేపు పొద్దున్నే నేనే పట్టుకెళ్ళి మేనేజరుకి ఇస్తాను. కాగితం ఉందా?"

"మీ తమ్ముడు ఒప్పుకుంటాడా?"

"వాడిని అడగడం లేదు."

కూతురు లోపలికి వెళ్ళి పిల్లదాని బడి పుస్తకంలోంచి ఒక గీతల కాగితం చింపి తెచ్చింది. మిషను బల్ల మీది గుడ్డముక్కలు పక్కకి నెట్టింది. దుప్పట్లక్క ఎడమచేతిలోకి పెన్ను తీసుకుంది. ఏడాదిగా సాధన చేస్తోంది గానీ, అక్షరాలు ఇంకా మొదటి తరగతి పిల్లల అక్షరాల్లా ఒకటి పైకీ ఒకటి కిందికీ పోతాయి. కుడిచేత్తో కాగితం నొక్కిపట్టబోయింది. రెండు వేళ్ళ కింద కాగితం జారిపోయింది.

గుమ్మంలో తాత ఫోను వదల్లేదు. ఆఖరి ముక్క ఒక్కటే మళ్ళీ మళ్ళీ వెనక్కి జరిపి చూస్తున్నాడు. కొంతసేపటికి ఫోను గుర్రుమంది.

"దుప్పట్లూ, ఏదో అక్షరాలొచ్చి మీద పడ్డాయి. ముడి కనబడ్డం లేదు" అన్నాడు.

ఆమె చూసింది. తమ్ముడి దగ్గర నుంచి. వచ్చిందక్కా, మొదటి బహుమతి. మా అక్క చేతికే ఇది అంకితం అని స్టేజీ మీద చెప్పాను. ఎక్కడున్నావు? ఎవరికీ ఏం చెప్పకు, రేపు మాట్లాడుకుందాం.

వేలితో ఆ మాటలని తెర మీంచి పక్కకి నెట్టేసి, ఫోను మళ్ళీ తాత చేతిలో పెట్టింది. వెనక్కి వచ్చి కూర్చుంది. 'ఎర్ర తాడు కట్టినది' అని రాసి ఆగింది. ఆ తర్వాత రాయాల్సిన పేరు ఆమె పెట్టిందే. వాడు పుట్టిన రోజున, తనకి ఏడేళ్ళప్పుడు, ఏం పెడదామే అని అమ్మ అడిగితే చెప్పిన పేరు. కాగితం మళ్ళీ జారింది.

తాత కూతురు వచ్చి, రెండు చేతులతో కాగితం అంచులు నొక్కిపట్టింది.

"రాయి" అంది.

ఆమె రాసింది.